చిట్టి పళ్లు, జడ్జి చెయ్యి

ముందుగా మోకాలి సంగతి

నేను ముప్పై ఆరేళ్లకే రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే కొందరు నేను సాఫ్ట్‌వేర్‌లో బాగా వెనకేసుకున్నాననుకుంటారు. ఇంకొందరు ఏదో కేసులో ఇరుక్కున్నాననుకుని పక్కకు జరుగుతారు. రెండూ కాదు. డాగ్ షోలలో కుక్కల్ని రింగులోకి తీసుకెళ్లి జడ్జి ముందు నడిపించే పని చేశాను. కుక్క పరిగెడితే మనమూ పరిగెత్తాలి. దానికి నాలుగు కాళ్లు, నాకు రెండు. ఆ రెండిట్లో ఒకదాని మోకాలు నాకంటే ముందే రాజీనామా ఇచ్చేసింది.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఫుట్‌బాల్ ఆడేవారా?" అని అడిగాడు.

"లేదండీ, కుక్కలతో పరిగెత్తేవాణ్ణి" అన్నాను.

"అవి మీ వెంటపడేవా?" అన్నాడు పాపం.

ఇప్పుడు ద్వారకా నగర్‌లో మా బావమరిది జిరాక్సు షాపులో కూర్చుంటున్నాను. అక్కడ దేన్నీ నిలబెట్టక్కర్లేదు, దేని తోకా సర్దక్కర్లేదు. అయినా ఫోన్లు ఆగవు. "అన్నా, కుక్కపిల్లను కొన్నాం, షోకి తయారుచెయ్యాలి, ఎలా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పేకన్నా ఒకసారి రాసి పడేస్తే జిరాక్సు తీసి ఇవ్వొచ్చు కదా అనిపించింది. మిషను పక్కనే ఉంది.

గెలిచిన కప్పుల గురించి రాయను. వాటిలో మా ఆవిడ మెంతులు, ఆవాలు పోసుకుంది. అంతకుమించి వాటివల్ల ఎవరికీ ప్రయోజనం కలగలేదు.

అసలు పని ఏమిటంటే

డాగ్ షో అంటే కుక్కల అందాల పోటీ అనుకుంటారు. ఒక్కో జాతి కుక్క ఎలా ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది: ఎత్తు, ఛాతీ, నడక, పళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న తీరు. జడ్జి ఆ రాతతో ఎదురుగా ఉన్న కుక్కను పోల్చి చూస్తారు. కుక్క చేయాల్సినవి మూడే మూడు. కదలకుండా నిలబడాలి. తిన్నగా నడవాలి. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఒళ్లంతా తడిమి, పెదవి ఎత్తి పళ్లు చూస్తుంటే ఊరుకోవాలి. ఈ మూడోది మనుషులకు కూడా కష్టమే. పంటి డాక్టరు దగ్గర కుర్చీలో మీరెలా ఉంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఊరుకోకపోతే, బెదిరి వెనక్కి పోతే, లేదా గుర్రుమంటే జడ్జి దాన్ని బయటకు పంపేస్తారు. కుక్క ఎంత చక్కనిదైనా లాభం లేదు. కాబట్టి మా పని కుక్కను అందంగా తయారుచేయడం అనుకుని ఎవరూ రావద్దు. అందం దాని అమ్మానాన్నలు ఇచ్చిందే. మనం ఇవ్వగలిగేది ధైర్యం ఒక్కటే. కాస్త అజాగ్రత్తగా ఉంటే తీసేసుకోగలిగేదీ అదే.

మేజర్ గారు

నాకు పని నేర్పినాయన్ని అందరూ మేజర్ గారు అనేవారు. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. మీసాలను చూసి ఊరే ఆ హోదా ఇచ్చేసింది, ఆయన కాదనలేదు. కుక్క గేటులోంచి లోపలికి వచ్చేలోపే దాని భుజం, వీపు, నడక అన్నీ చదివేసేవారు. మనుషుల్ని మాత్రం అంత బాగా చదవలేకపోయేవారు. లేకపోతే నన్ను పనిలో పెట్టుకునేవారు కాదు.

ఆయన దగ్గర నేర్చుకున్న మంచి విషయం ఒకటుంది. స్టవ్ మీద టీ పెట్టి, కుక్కపిల్లను నిలబెట్టేవారు. టీ పొంగేలోపు పాఠం అయిపోవాలి. పిల్ల ఇంకా హుషారుగా తోక ఊపుతుండగానే "చాలు" అనేసేవారు.

"ఇంకొక్కసారి సార్, బాగా చేస్తోంది" అని నేను బతిమాలితే, "బాగా చేస్తోంది కాబట్టే చాలంటున్నానురా. చెడగొట్టాక ఆపుతావా?" అనేవారు.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మీ సగం పని అయిపోయినట్టే. కుక్కపిల్లను గంటసేపు నిలబెట్టి, "మా వాడు ఎంత ఓపిగ్గా ఉన్నాడో" అని వీడియో తీసేవాళ్లను చూశాను. ఓపిక కాదు బాబూ అది, విసుగు.

ఆయన దగ్గర నేర్చుకుని తర్వాత వదిలించుకోవాల్సి వచ్చినవి రెండున్నాయి. ఒకటి, గోడమీద కేలండర్. పిల్లకు మూడో నెలలో మెడకు తాడు, నాలుగో నెలలో నిలబడటం, అయిదో నెలలో పళ్లు చూపించడం. తేదీ వచ్చిందంటే పని జరగాల్సిందే. రెండోది, చేతులు.

"రింగులో నీ చెయ్యి కదిలిందంటే జడ్జి కన్ను చేతిమీదకు పోతుంది. నువ్వు స్తంభానివిరా. స్తంభం చేతులూపుతుందా?" అని, నా కుడి చేతిని రుమాలుతో బెల్టుకు కట్టేసి నెల్లాళ్లు సాధన చేయించారు. ఆ నెలలో మా పేట దోమలన్నీ ఆ చేతికి అలవాటుపడ్డాయి.

ఆయన చెప్పింది తప్పు కాదు. చాలామందికి సరిపోయే మాటే. సరిపోని మనిషి ఎదురైతే ఏం చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

గడ్డి చూడని బీగిల్

అసలు కథకు ముందు చిన్నది ఒకటి. సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో పెరిగిన బీగిల్ పిల్ల నా చేతికొచ్చింది. ఇంట్లో, వరండాలో, టెర్రస్ మీద దాని నడక చూస్తే ముచ్చటేసేది. షో రోజు పొద్దున్నే గ్రౌండులోకి దించాం. తడి గడ్డి. అది ఒక్కో కాలు పైకెత్తి, విదిలించి, ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుని, మళ్లీ ఎత్తింది. పట్టుచీర కట్టుకుని బురదరోడ్డు దాటుతున్న పెళ్లివారి మనిషిలా రింగంతా అలాగే తిరిగింది.

"ఏటి సారూ, దీనికి కాలు నొప్పేటి?" అన్నాడు ఓనరు.

"నొప్పి కాదు బావా, గడ్డిని మొదటిసారి చూస్తోంది" అన్నాను.

"మరి నువ్వు సూపించలేదేటి?"

మంచి ప్రశ్న. అప్పట్నుంచి ఏ పిల్ల వచ్చినా, పాఠం మొదలుపెట్టేముందు నేలలన్నీ తొక్కించేవాణ్ణి. గడ్డి, ఇసుక, సిమెంటు, రబ్బరు చాప, మురిక్కాలవ మీద ఇనుప జాలీ, ఆటో వెనక సీటు అన్నీ. షో ఎలా ఉంటుందో తర్వాత చెప్పొచ్చు. ముందు ఊరు ఎలా ఉంటుందో చెప్పాలి.

సన్యాసిరావు గారికి పెట్టిన షరతు

ఇక అసలు మనిషి. సన్యాసిరావు గారు రేవులో ఒక కార్గో కంపెనీలో సిగ్నల్‌మ్యాన్‌గా చేసేవారు. ఓడలోంచి క్రేను సరుకు ఎత్తేటప్పుడు పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటరుకు కింద ఏం జరుగుతోందో కనపడదు, అరిచినా వినపడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్ చేతుల్ని చూసే అతను పనిచేస్తాడు. ఎత్తు, దించు, మెల్లగా, ఆపు, అన్నీ చేతులతోనే చెప్పాలి. సన్యాసిరావు గారు జీవితంలో సగానికి పైగా ఆ పనే చేశారు. తర్వాత చెవి పరీక్షలో వినికిడి తగ్గిందని తేలింది. ఎదురుగా నిలబడి చెప్పిన మాట వినపడుతుంది, దూరపు చప్పుడు అందదు. ఆయన్ని తీసుకెళ్లి గోదాం తాళాలు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు.

"కుర్సీ ఇచ్చారు బాబూ. ఫేనుంది. పదింటికి టీ వొత్తాది. ఏటి బాద?" అన్నారు నాతో. బాధ లేదని ఇంత వివరంగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి గోదాం తలుపు బందులు బాగుచేయించడానికి ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపుకు వెళ్లారట. వర్క్‌షాపు భర్తది. దాని వెనక షెడ్డులో లాబ్రడార్లను పెంచేది భార్య వరలక్ష్మి గారు. గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. పనయ్యేదాకా సన్యాసిరావు గారు బయట నిలబడి ఉంటే, మూడు నెలల ఆడ కుక్కపిల్ల ఒకటి వచ్చి ఆయన చెప్పుల మీద కూర్చుంది. పని పూర్తయ్యాక కూడా లేవలేదు. ఈయనా కదల్లేదు. వరలక్ష్మి గారు గంటన్నర చూసి, చివరికి షరతు చెప్పారు.

"ఊరికే ఇచ్చేస్తానండి. దీన్ని నేనే ఉంచుకుందామనుకున్నాను గానీ షెడ్డులో చోటు లేదండి. ఒక్కటే మాట. దీని తల్లి, అమ్మమ్మ అందరూ రింగు చూసినవాళ్లేనండి. ఆర్నెల్లు దాటాక ఊళ్లో జరిగే మొదటి షోలో ఇది నిలబడాలి, జడ్జి చేతికి లొంగాలి. కప్పు అక్కర్లేదు. బెదిరిపోయి బయటికొచ్చేస్తే మాత్రం తిరిగిచ్చేయాలండి. రింగు తెలిసినవాళ్లింటికి పంపుకుంటాను."

ఆమె తప్పేం లేదు. జాతి నిలబెట్టేవాళ్లు అలాగే ఉంటారు, అలాగే ఉండాలి కూడా. సన్యాసిరావు గారు తలూపి పిల్లను ఎత్తుకొచ్చేశారు. ఇంటికెళ్లాక ఆయన భార్య అప్పలనరసమ్మ గారు షరతు విని, "కుక్కకి కూడా ఇంటర్వూలేటి ఈ కాలంలో?" అన్నారట.

రిజిస్ట్రేషన్ కాగితంలో దాని పేరు రెండు లైన్లుంది. అందులో మూన్‌లైట్ అనే మాట రెండుసార్లు వస్తుంది. ఇంట్లో మాత్రం చిట్టి.

నా తప్పు

చిట్టికి నాలుగున్నర నెలలప్పుడు నా దగ్గరికి వచ్చారు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, అక్కడ మొదలుపెట్టాం. నడిపిస్తున్నంతసేపూ ఆయన కుడి చెయ్యి గాల్లో ఏవేవో గీస్తూనే ఉండేది. నాకు మేజర్ గారు పూనారు.

"చేతులు కదపకండి. నోటితో పిలవండి. కాస్త ముద్దుగా."

చెవి మందగించిన మనిషి ముద్దుగా పిలిస్తే ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. "సిట్టీ! నడూ!" అని ఆయన ఓడ ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా అన్నారు. చిట్టి నేలకు కరుచుకుపోయింది. మార్నింగ్ వాక్ చేస్తున్న నలుగురు మాత్రం వేగం పెంచారు. చెయ్యి ఆగటం లేదని మర్నాడు రుమాలు తెచ్చి బెల్టుకు కట్టేశాను. నాకంటే పాతికేళ్లు పెద్దాయన, నోరెత్తకుండా కట్టించుకున్నారు.

ఇది ఒక తప్పు. రెండోది ఇంతకంటే పెద్దది.

చిట్టికి అయిదు నెలలు నిండాయి. కేలండర్ ప్రకారం పళ్ల పాఠం. రోజూ పెదవి ఎత్తి, దవడ పట్టుకుని, ముందుపళ్లూ పక్కపళ్లూ చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు వేలికి కాస్త రక్తం అంటింది. పాలపన్ను ఊడినట్టుందిలే అనుకుని తుడిచేసుకున్నాను. నాలుగో రోజు అది తల పక్కకు తిప్పేసింది. వారం తిరిగేసరికి నేను చెయ్యి ఎత్తితే చాలు, వెళ్లి సన్యాసిరావు గారి కాళ్ల వెనక దాక్కునేది.

"మొండిది. రెండ్రోజుల్లో దారికొస్తుంది" అన్నాను. పదహారేళ్ల ఈ పనిలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది ఇదొక్కటే. మిగతావి కూడా వెధవ మాటలే గానీ, ఇంత నష్టం చేయలేదు.

దారికి రాలేదు. ఇంకా దూరం పోయింది. కొత్తవాళ్లెవరు మొహం దగ్గర చెయ్యి పెట్టబోయినా వెనక్కి జరిగేది. ఒకరోజు బీచ్‌లో శనగలమ్మే ఆవిడ ముద్దుచేయబోతే గుర్రుమంది. అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దూరం నుంచే, దాన్ని ఆవలించనిచ్చి నోరు చూశాడు.

"చిగుళ్లు వాచి ఉన్నాయి. పాలపళ్లు పోయి కొత్తవి వస్తున్నాయి. నీకు పన్ను సలుపుతున్నప్పుడు రోజూ పొద్దున్నే ఎవడో వచ్చి నోరు తెరిస్తే ఏం చేస్తావు?"

"కరుస్తాను" అన్నాను.

"ఇది నీకన్నా మర్యాదస్తురాలు" అన్నాడు.

షోకి ఎనిమిది వారాలుంది. నేనే రింగులోకి తీసుకెళ్లిపోదామంటే, చిట్టి భయపడేదే నా చెయ్యి చూసి. సన్యాసిరావు గారికి నిజం చెప్పేశాను. తప్పు నాది, పిల్లది కాదు, మీది కాదు, పళ్లు చూపించకపోతే మీరు దీన్ని వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుంది, అదీ నా వల్లే అన్నాను. కొంచెం గంభీరంగానే చెప్పాను, అలవాటు లేకపోయినా.

ఆయన బెల్టుకు కట్టి ఉన్న తన చేతిని చూసుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"అయితే బాబూ, ఈ రుమాలు ఇప్పీమంటారా?"

వన్ టౌన్ సందులో

మర్నాడు సాయంత్రం అప్పలనరసమ్మ గారు ఇంటికి రమ్మని కబురు పెట్టారు. తిట్టడానికే అనుకుని వెళ్లాను. వాళ్లది వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వెనక ఒక సందు. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. సందు మొదట్లోనే ఆగిపోయాను.

చిట్టి తాడు లేకుండా సందు మధ్యలో ఉంది. సన్యాసిరావు గారు ఇరవై అడుగుల దూరంలో అరుగు దగ్గర నిలబడి ఉన్నారు. నోట మాట లేదు. అరచెయ్యి కిందకు చూపించి పక్కకు ఊపారు, చిట్టి ఆగింది. బియ్యం బస్తాల బండి వచ్చింది. వేలు గోడవైపు చూపించారు, గోడ పక్కకు జరిగింది. బండి వెళ్లిపోయింది. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకున్నారు. అంతే, చిట్టి ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. తల పైకి, వీపు తిన్నగా, నాలుగు కాళ్లూ చదరంగా. నేను నెల్లాళ్లుగా కాళ్లు సర్ది సర్ది రాబట్టలేకపోయిన తీరు అది.

"ఇదేంటండీ?" అన్నాను దగ్గరికెళ్లి.

"సిగ్నలు బాబూ. సేతులు కలిపితే ఎక్కడున్నది అక్కడే ఉంచమని."

"మరి నాకు చెప్పలేదేం?"

"తవరు సేతులు ఆడించొద్దన్నారు గదా."

లోపల్నుంచి అప్పలనరసమ్మ గారు టీ గ్లాసులతో వచ్చారు. "ఇంట్లో మాకూ అదే బాస బాబూ. అన్నం సాలంటే నోటితో సాలని సెప్పడు, ఇలాగ సెయ్యి ఊపుతాడు. ఇంకొంచెం ఎయ్యమంటే ఏలు కిందకి తిప్పుతాడు. పెళ్లయిన కాణ్ణుంచీ నన్నూ క్రేనే సేసీసినాడు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లని అంపీకండి బాబూ. ఆ తాళాల గదిలోంచి వొచ్చి గుమ్మంలో సెప్పులు ఇడిసినప్పుడు ఈ మనిసి మొకం సూడాలి మీరు" అన్నారు.

నేను టీ తాగాను.

సన్యాసిరావు గారే దారి చెప్పారు. "పైనుంచి బరువు దిగుతాంటే కింద మనిసి బెదిరిపోతాడు బాబూ. ఎవులో ఒకలు సూత్తన్నారు, ఆపమంటే ఆపుతారు అని తెలిస్తే బెదరడు. సిట్టికి కూడా అంతే."

కేలండర్ తీసి అవతల పడేశాం. మూడు వారాలు చిట్టి మొహం జోలికి ఎవరూ పోకూడదు. కొత్త పళ్లు కుదురుకున్నాయని డాక్టరు చెప్పాక మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఆయన పద్ధతిలో. చిట్టి ఆయన ఎదుట నిలబడుతుంది. కొత్తవాళ్లు పక్కనుంచి చెయ్యి చాస్తారు. ఆయన ఒక అరచేతిని రెండో చేతిమీద కదలకుండా పెడతారు. అంటే మెల్లగా అని. చిట్టి చెవులు వెనక్కి పోతే ఆపమని సంజ్ఞ. చెయ్యి చాచినవాళ్లు అక్కడే ఆగిపోవాలి. అంటే క్రేను మేమన్నమాట. పదహారేళ్ల అనుభవం ఉన్న నేను జానెడు దూరంలో చెయ్యి చాచి, విగ్రహంలా ఆయన అనుమతి కోసం ఎదురుచూసేవాణ్ణి. నాకు చాలా మేలు చేసిన శిక్షణ అది.

సందులో వాళ్లందరూ వంతులేసుకున్నారు. ఆటో తోలే ఆయన, కిరాణా కొట్టాయన, పక్కింటి పెద్దావిడ. చేపలమ్మే నూకాలమ్మ వచ్చి, "నానూ పళ్లు సూత్తాను, తప్పేటి?" అని కూర్చుంది. ఆమె చెయ్యి చాచేలోపే చిట్టి నోరు తెరిచేసింది. అది శిక్షణ ఫలితం కాదు, వంజరాల వాసన ఫలితం. అయినా మేం లెక్కలో వేసుకున్నాం.

ఒక సందేహం మాత్రం నన్ను వదల్లేదు. "జడ్జి మీ సిగ్నల్ చూసి ఆగరు కదండీ" అన్నాను.

"జడ్జి సూడక్కర్నేదు బాబూ. సిట్టి సూత్తే సాలు."

రింగులో

కొత్తవాళ్లకు కొన్ని మాటలు ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. స్నానం షోకి రెండు రోజుల ముందే చేయించండి. అదే రోజు చేయిస్తే వెంట్రుక లేచి నిలబడుతుంది. కొత్త బూట్లు వేసుకోవద్దు. కుక్కకు పెట్టడానికి ఉడికించిన లివర్ ముక్కలు జేబులో పెట్టుకుంటే, ఆ ప్యాంటును ఇంట్లో ఎవరు ఉతుకుతారో వాళ్లకు ముందే చెప్పండి. మీకు ఏదైనా ఇబ్బంది ఉంటే రింగులోకి పేర్లు పిలిచే స్టీవార్డుకు ముందే చెప్పండి, సిగ్గుపడకండి. సన్యాసిరావు గారికి సరిగ్గా వినపడదని నేను చెప్పాను. స్టీవార్డు వెంటనే, "చెయ్యి చూపిస్తానులెండి" అన్నాడు. అంత తేలిక.

ఒక కాలేజీ గ్రౌండులో షో. జడ్జి వేరే ఊరి నుంచి వచ్చినావిడ. కళ్లజోడు, తెల్లచీర, నవ్వు లేదు. చిట్టికి ఏడు నెలలు. దాని వయసు క్లాసులో నాలుగు పిల్లలున్నాయి. నేను రింగు చుట్టూ కట్టిన తాడు బయట మోకాలికి పట్టీతో నిలబడ్డాను. ఒక పక్క స్టీలు డబ్బా పట్టుకుని అప్పలనరసమ్మ గారు, ఇంకో పక్క చేతులు కట్టుకుని వరలక్ష్మి గారు.

నడక బాగానే అయ్యింది. సన్యాసిరావు గారు రేవులో పట్టాలు దాటే మనిషిలా అటూ ఇటూ చూసుకుంటూ నడిచారు గానీ, చిట్టి తిన్నగా నడిచింది. తర్వాత పరీక్ష. జడ్జి ముందుకొచ్చి వంగారు. చిట్టి చెవులు వెనక్కి పోయాయి. సన్యాసిరావు గారు ఒక అడుగు ముందుకేసి, దానికి కనపడేచోట నిలబడి, ఒక అరచేతిని రెండో చేతిమీద పెట్టారు. మెల్లగా. జడ్జి చెయ్యి తలమీదికి వచ్చింది, భుజం, వీపు, తోక అన్నీ చూసింది. మళ్లీ ముందుకొచ్చింది. వేళ్లు పెదవి దగ్గరికి వెళ్లాయి.

సరిగ్గా అప్పుడు మైకు కీచుమంది. ఎవరిదో కారు గేటుకు అడ్డంగా ఉందట, తీయాలట.

గ్రౌండంతా ఉలిక్కిపడింది. పక్క రింగులో కుక్కలు మొరిగాయి. జడ్జి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చిట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఇంకో అర అడుగు.

"అయిపోయిందండి" అన్నారు వరలక్ష్మి గారు, మెల్లగా. ఆమె గొంతులో సంతోషం లేదు, అది నేను చెప్పాలి.

ఉలిక్కిపడనిది ఆ గ్రౌండులో ఒక్క మనిషే. సన్యాసిరావు గారికి మైకు చేరనే లేదు. పిల్ల ఎందుకు జరిగిందో ఆయనకు తెలియదు. తాడు లాగలేదు, పిలవలేదు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుని నిలబడ్డారు. బయటివాళ్లకు అది మొదటిసారి రింగులోకి వచ్చిన పెద్దమనిషి వినయంలా కనపడి ఉంటుంది. చిట్టి ఆయన చేతుల్ని చూసింది. మొహంలోకి చూసింది. అక్కడ భయమన్నదే లేదు. వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసి, నాలుగు కాళ్లూ సర్దుకుని నిలబడిపోయింది.

జడ్జి ఒక క్షణం ఆగి, మళ్లీ వంగారు. రెండు వేళ్లతో పెదవి ఎత్తారు. ముందుపళ్లు. ఎడమ పక్క. కుడి పక్క. తర్వాత చిట్టి గడ్డం కింద ఒకసారి రాశారు. ఆవిడ నవ్వారని అప్పలనరసమ్మ గారు ఇప్పటికీ అంటారు. నేను చూడలేదు. అప్పటికి నేను నేలమీద కూర్చుని ఉన్నాను. అంతసేపూ పట్టీ వేసిన కాలిమీదే బరువంతా వేసి నిలబడ్డానని అప్పుడే తెలిసింది.

నాలుగింట్లో మూడో స్థానం వచ్చింది. ఒకటీ రెండూ వచ్చిన పిల్లలు నిజంగానే మెరుగైనవి, గొడవేం లేదు. గుండెల మీంచి బస్తా దించినంత తేలికగా ఉంది నాకు. నా వెధవ తొందర ఒక మనిషి ఇంట్లోంచి పిల్లను తీసుకుపోలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకొకటి లేదు. గెలిచిన రోజులు ఉన్నాయి, కానీ అది వేరు.

సన్యాసిరావు గారు తాడును రెండు పిడికిళ్లతో పట్టుకుని బయటికొచ్చారు. వరలక్ష్మి గారు ఎదురెళ్లారు.

"పిల్ల మీదేనండి. ఇంటికి తీసుకెళ్లండి."

"ఆఁ?" అన్నారాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"చిట్టి మీదేనండి! ఇంక నేనడగను!"

"ఆఁ?"

"మీదేనండీ బాబూ! మీదే!" అని ఆమె అరిచిన అరుపుకి పక్క రింగులో రాట్‌వైలర్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ టీ స్టాలు వైపు వెళ్లిపోయారు.

నేను కుంటుకుంటూ వెళ్లి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను. "సన్యాసిరావు గారూ! చిట్టి మీదేనట!"

ఆయన నా వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత చిన్నగా అన్నారు.

"మొదటిసారే ఇనపడిపోనాది బాబూ. ఇంకో రెండు పాలీలు సెప్పించుకుందారనీసి."